కెమెరా కళ్లజోడుతో కస్టమర్ వస్తే

చి. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. నీ చీరల షాపులో ఒక ఆడపిల్ల జాకెట్టు కొలతలు ఇస్తుంటే, ఎదురు సోఫాలో కూర్చున్నాయన కెమెరా కళ్లజోడు మూల, రికార్డింగ్ అవుతోందని చెప్పే తెల్ల లైటు వెలిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆయన వీడియో తీసింది వాళ్లావిడ చీరనే కావచ్చు. ఆ సంగతి ఆ పిల్లకెలా తెలుస్తుంది? అయితే నువ్వు చదివి వినిపించిన బోర్డు ఉంది చూడు, "కెమెరా కళ్లజోడు వాళ్లకు ప్రవేశం లేదు, ఎవరినైనా నిరాకరించే హక్కు మాది" అని, దాన్ని మాత్రం అప్పుడే రాయించకు.

షాపు నీది. లోపల ఫొటోలు, వీడియోలు వద్దనడానికి నువ్వు ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. వినకపోతే బయటికి దయచేయమనొచ్చు. అంతవరకూ నీ మాటే చెల్లుతుంది. తంటా అంతా ఆ "ఎవరినైనా" దగ్గరే. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాల పేరెత్తే రాసి ఉంది. కేవలం మతం, జాతి, కులం, ఆడా మగా, పుట్టిన ఊరు చూసి ఎవరినీ దుకాణంలోకి రావద్దనడానికి లేదు. కులం పేరుతో అంటరానితనం చూపిస్తే 1955 నాటి పౌర హక్కుల చట్టం కింద జైలుకే. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు. కానీ ఆ బోర్డు గోడ మీద ఉండగా, నీ దగ్గర పనిచేసే పిల్ల రేపు ఎవరినో చూసి మొహం చిట్లించి పొమ్మంటే, జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు. అందుకే చెప్తున్నా, కెమెరాను కాదను, మనిషిని కాదనకు.

ఈ గొడవ కొత్తదేం కాదు. 2013లో గూగుల్ గ్లాస్ అనే కెమెరా కళ్లజోడు ఇంకా మామూలు జనం చేతికి రాకముందే, అమెరికాలో సియాటిల్ నగరంలోని ఫైవ్ పాయింట్ కెఫే అనే బార్ అవి పెట్టుకుని తమ దగ్గరికి రావద్దని ప్రకటించింది. సగం సరదాకి, సగం నిజానికి. అది దేశమంతా వార్తయింది. ఆ గ్లాసుల మామూలు అమ్మకం 2015 జనవరిలో ఆగిపోయింది. అప్పుడు అవి ముఖాన కొట్టొచ్చినట్టు కనిపించేవి కాబట్టి వద్దనడం తేలిక. ఇప్పటివి అలా కాదు. రేబాన్ మెటా అనే కెమెరా కళ్లజోళ్లు మన దగ్గర 2025 మేలో 29,900 రూపాయల నుంచి అమ్మకానికొచ్చాయి, మామూలు కళ్లజోళ్లలాగే ఉంటాయి. పైగా పవర్ అద్దాలు కూడా వేయించుకోవచ్చు. నువ్వు "తీసేయండి" అన్నావంటే, పాపం ఆయనకి చీర మీద రేటు చీటీ కూడా కనపడదు. కాబట్టి తీయమనకు, ఆఫ్ చేయమను. వాటికి ఎడమ కాడ లోపలివైపు చిన్న స్విచ్ ఉంటుంది. వేరే కంపెనీవైతే ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది.

లైటు వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉండకు. రికార్డింగ్ జరిగేటప్పుడు వెలగాలనే కంపెనీ పెట్టింది. వేలు అడ్డం పెట్టి మూసేస్తే తీయడం మొదలుపెట్టదు కూడా. కానీ డబ్బులు తీసుకుని ఆ లైటు వెలగకుండా చేసిపెట్టేవాళ్లు అమెరికాలో అప్పుడే తయారయ్యారు. ఇక్కడికి రావడానికి ఎంతసేపు? నీ కస్టమర్ భయం ఉత్తిదేం కాదని చెప్పడానికి ఇంకొకటి చెప్తాను. 2024లో హార్వర్డ్‌లో చదివే ఇద్దరు పిల్లలు ఇవే కళ్లజోళ్లకు ముఖాలు వెతికే సాఫ్ట్‌వేర్ తగిలించి, ఎదురుపడిన మనిషి పేరు, ఇంటి అడ్రసు దాకా లాగొచ్చని చూపించారు. అమ్ముకోవడానికి కాదులే, జనానికి తెలియాలని చేశారట.

అడిగే తీరు మీదే అంతా ఉంది. గల్లా దగ్గర నుంచి కేకెయ్యొద్దు. దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "ఏమనుకోకండి సార్, లోపల ఆడవాళ్లు కొలతలు ఇస్తుంటారు, కళ్లజోడు కెమెరా ఒకసారి ఆఫ్ చేసెయ్యండి" అను. పది మందిలో తొమ్మిది మంది అయ్యో సారీ అంటారు. భార్య పక్కన ఉంటే ఆవిడే ముందు ఆఫ్ చేయిస్తుంది, చూస్తూ ఉండు. ఆ పదోవాడు వాదనకి దిగితే, "మీకు కావాల్సిన చీరలు వాకిట్లో కుర్చీ దగ్గరికి తెప్పిస్తాను" అని ఒక దారి చూపించు. అదీ వద్దంటే వెళ్లిపొమ్మను. వెళ్లకపోతే 112కి కొట్టు. అల్లుడికి ఫోన్ కొట్టి, ఆయన వచ్చి చొక్కా పట్టుకునేదాకా తెచ్చుకోకు.

ఏం జరిగినా ఆ కళ్లజోడు మీద చెయ్యి మాత్రం వేయొద్దు. స్టీవ్ మాన్ అని కెనడా ప్రొఫెసర్, తను తయారుచేసుకున్న కెమెరా కళ్లజోడు ఏళ్ల తరబడి పెట్టుకు తిరిగేవాడు. 2012లో పారిస్‌లో మెక్‌డొనాల్డ్స్‌కి వెళితే, అక్కడివాళ్లు కళ్లజోడు లాగబోయారని, కళ్లజోడు గురించి డాక్టరిచ్చిన చీటీ చింపేశారని ఆయన చెప్పాడు. మావాళ్లు మర్యాదగానే మాట్లాడారని కంపెనీ అంది. ఎవరిది నిజమైనా, లోకమంతా తిరిగింది ఆ కథే గానీ ఆయన కెమెరా సంగతి కాదు. చెయ్యి వేసిన మరుక్షణం తప్పు నీ వైపు తిరుగుతుంది.

డిలీట్ చేయమని అడగడం వేరు, ఫోన్ లాక్కుని డిలీట్ చేయడం వేరు. హాల్లో ఏదో తీశాడనుకో, తీసేయమని అడుగు, చాలు. కానీ బట్టలు మార్చుకునే చోట తీశాడని అనుమానమొస్తే అసలు డిలీట్ చేయించొద్దు! అది సాక్ష్యం. అది పోతే కేసు పోతుంది. ఆడమనిషిని అలాంటి చోట చాటుగా చూసినా, తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఒంటి మీద దాచుకునే భాగాలను ఒప్పుకోలు లేకుండా తీస్తే ఐటీ చట్టం 66ఇ కూడా తోడవుతుంది. అప్పుడు నీ పని ఆ పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పోలీసుల్ని పిలవడం.

బోర్డు కంటే ముందు నీ షాపు అద్దం సంగతి చూడు. కిందటిసారి వచ్చినప్పుడే అందామనుకున్నాను. ట్రయల్ రూమ్ ఎదురుగా నిలువుటద్దం పెట్టావు. కర్టెన్ నాలుగు వేళ్లు పక్కకి జరిగితే చాలు, సోఫాలో కూర్చున్నవాళ్లకి అద్దంలో లోపలంతా కనిపిస్తుంది. అద్దాన్ని పక్క గోడకి మార్చు. కర్టెన్ తీసేసి గడియ ఉన్న తలుపు పెట్టించు, తలుపు కింద సందు లేకుండా చూసుకో. కొలతలు తీసే చోటుకి చెక్క పార్టిషన్ కట్టించు. బెసెంట్ రోడ్డులో నా షాపుకి ఈ పార్టిషనే సగం బేరం తెచ్చింది. పెళ్లి జాకెట్ల కోసం తల్లులు కూతుళ్లని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. సోఫా వాకిలి వైపు తిప్పు, మగవాళ్లు రోడ్డు చూసుకుంటూ కూర్చుంటారు.

నీ సీసీ కెమెరా సంగతీ అంతే. 2015లో గోవాలో ఒక బట్టల షాపులో ట్రయల్ రూమ్ వైపు కెమెరా ఉందని అప్పటి కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ ఫిర్యాదు చేస్తే ఎంత రచ్చయిందో గుర్తుందా? నీ కెమెరా గల్లా వైపు, వాకిలి వైపు ఉంటే చాలు. రికార్డింగ్ ఎన్నాళ్లుంటుంది, ఎవరి ఫోన్లో కనిపిస్తుంది అన్నది తేల్చుకో. పెట్టిన కుర్రాడి ఫోన్లో ఇంకా పాస్‌వర్డ్ ఉందేమో అడుగు, చాలా చోట్ల ఉంటోంది.

ఒక్క మినహాయింపు పెట్టుకో. చూపు లేనివాళ్లకి, తక్కువున్నవాళ్లకి ఈ కళ్లజోడు ఎదుట ఉన్నదేమిటో చెప్తుంది, అక్షరాలు చదివిపెడుతుంది. అలాంటివాళ్లు వస్తే హాల్లో ఆఫ్ చేయమనొద్దు. పక్కనున్నవాళ్లకి నువ్వే ఒక మాట చెప్పు. కొలతల గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం నీ దగ్గర పనిచేసే పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లమని, అప్పుడు ఆఫ్ చేయమను. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచి ఉంది. అది లేకపోయినా చేయాల్సిందే అనుకో.

ఇక రీల్స్ పిల్లలు. వాళ్లని తరమకు, నీకు ఖర్చు లేని పబ్లిసిటీ. వాకిట్లో బొమ్మకి కట్టిన పట్టుచీర దగ్గర తీసుకోమను. లైటు కూడా అక్కడే బాగుంటుంది.

బోర్డు ఇలా రాయించు: "లోపల ఫొటోలు, వీడియోలు తీయరాదు. కళ్లజోడు కెమెరాలు దయచేసి ఆఫ్ చేయండి. ఇబ్బంది ఉంటే కౌంటర్లో చెప్పండి." తలుపు బయటే పెట్టు, లోపలికొచ్చాక చదివితే లాభం లేదు. రాయించే ముందు నాకు వాట్సాప్‌లో పంపు, నీకు "ఫొటో"కి ఒత్తు పెట్టడం చిన్నప్పట్నుంచీ రాదు. మీ అమ్మ మోకాళ్లకి ఆ నూనె రాస్తోందా లేదా అదీ రాయి.

ఉంటాను,
పెద్దమ్మ, విజయవాడ