కమిషనర్ ఉండగా కార్పొరేటర్ ఎందుకంటారా? విశాఖలో తొమ్మిదేళ్ళు లేకుండా గడిపాం, చెప్తాను వినండి

ప్రశ్న ఇది: "ఐఏఎస్ కమిషనర్ ఉండగా మేయరు, కార్పొరేటర్లు దండగ కదా? విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి కౌన్సిలే లేదు, ఊరేమైనా ఆగిపోయిందా?"

ఆగిపోలేదండీ. 2012 ఫిబ్రవరిలో పాత కౌన్సిల్ గడువు తీరింది, 2021 మార్చిలో కొత్తది వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్ళూ ప్రభుత్వం వేసిన స్పెషల్ ఆఫీసర్ల పాలనే. చెత్త బండి వచ్చింది, కుళాయి వచ్చింది, వీధి దీపాలు ఎల్ఈడీలు అయ్యాయి. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, భోపాల్ తర్వాత దేశంలో మూడో స్థానం మాదే. కాబట్టి మీ అనుమానం ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు తెలుసు. అయినా మీరనేది తప్పు. ఎందుకంటే మా వీధి కాలువ గురించి మీకు తెలీదు కాబట్టి.

బయటివాళ్ళకి విశాఖ అంటే ఆర్కే బీచి, కైలాసగిరి, ఒడ్డున పెట్టిన జలాంతర్గామి. మాకు మాత్రం గోడలు. 1933లో పోర్టు తెరిచారు, 1941లో షిప్‌యార్డుకి పునాది రాయి పడింది, 1957లో రిఫైనరీ వచ్చింది, ఆ తర్వాత 64 గ్రామాలు లేపేసి స్టీల్‌ప్లాంటు. నేవీ సంగతి చెప్పక్కర్లేదు, రైల్వే ఎటూ ఉంది. ఒక్కోదానికి సొంత గేటు, సొంత క్వార్టర్సు, సొంత ఆసుపత్రి, సొంత బడి. ఈ గోడలకీ గోడలకీ మధ్య మిగిలిన సందుల్లో మేముంటాం. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళం. 2011 జనాభా లెక్కల్లోనే కార్పొరేషన్ పరిధిలో 17 లక్షల పైచిలుకు జనం. మా నాన్నా అంతే, ఆమదాలవలస వైపు నుంచి వచ్చి షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరి ఇక్కడే ఇల్లు కట్టాడు. మా ఇంటి డాబా మీద దండేనికి తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు పొడి పట్టి బూడిద రంగులోకి వస్తుంది. సముద్రం గాలి ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా అంటే ఆ చొక్కా చూపిస్తాను.

మా వీధి చివర కూడా ఓ గోడ ఉంది. ఎవరిదో పేరెందుకు లెండి, పెద్ద సంస్థ. వీధి కాలువ ఆ గోడ కింద ఇనప ఊచల్లోంచి దూరి అవతలి గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుంది. 2010 వానాకాలంలో లోపల వాళ్ళేదో పని పెట్టుకుని, తవ్విన మట్టంతా సరిగ్గా ఆ కాలువ నోటి దగ్గర పోసేశారు. రెండ్రోజులు వాన. నీళ్ళు వెనక్కి తన్ని ఇళ్ళలోకొచ్చేశాయి. మా పక్కింట్లో ఫ్రిజ్జు పడుకోబెట్టినట్టు తేలింది. పారిశుద్ధ్య కార్మికులు పాపం పొద్దున్నే గునపాలతో దిగి, కొబ్బరి బొండాలు, పాల ప్యాకెట్లు, చిరిగిన టార్పాలిను, వినాయకుడి గడ్డి బొమ్మ తాలూకు చట్రం, అన్నీ పైకి లాగి పడేశారు. నీళ్ళు మాత్రం అంగుళం తగ్గలేదు. శానిటరీ మేస్త్రి ఊచల్లోంచి టార్చి వేసి చూసి, "అమ్మా, మట్టి అవతలుంది. గోడ దాటితే నా ఉజ్జోగం పోతాది" అన్నాడు. గేటు దగ్గరికి వెళ్తే సెక్యూరిటీ అతను పర్మిషన్ లెటరు అడిగాడు. నడుం దాకా తడిసి వచ్చిన జనాన్ని!

అప్పటి మా కార్పొరేటర్ మహిళ. రిజర్వేషన్ సీటు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా పనులన్నీ ఆవిడ భర్తే చూసేవాడు, ఫ్లెక్సీల్లో కూడా ఆయన బొమ్మే పెద్దది. (ఈ భర్తల పెత్తనం గురించి విడిగా ఒక సమాధానం రాయాలి, ఎవరైనా ప్రశ్న అడగండి.) ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు. ఆవిడే వచ్చింది, నైటీ మీద తువ్వాలు వేసుకుని. కాసేపు నీళ్ళు చూసింది. తర్వాత ఒక కుర్రాణ్ణి పిలిచి ప్లాస్టిక్ కుర్చీ తెమ్మంది, ఇంకొకడితో బట్టలుతికే టబ్బు నిండా కాలువ బురద ఎత్తించింది. రెండూ తీసుకెళ్ళి గేటుకి సరిగ్గా నడిమధ్యన పెట్టించి కూర్చుంది. షిఫ్టు మారే వేళ. స్టాఫు బస్సులు లోపలివి లోపల, బయటివి బయట. సెక్యూరిటీ అతను ఏదో అనబోతే ఆవిడ గొంతు పెంచకుండానే అంది: "ఏటి బాబూ, మీ మట్టి మా ఇళ్ళలోకి రావొచ్చు గానీ మేము మీ గేటులోకి రాకూడదేటి? మీ ఆఫీసరు గారికి చెప్పు, ఈ టబ్బు ఆయన టేబులు మీద పెట్టి సంతకం పెట్టించుకుని ఎల్లిపోతాను."

బస్సుల్లో ఉన్న కార్మికులే నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళలో సగం మంది మా చుట్టుపక్కల వీధుల వాళ్ళే మరి. లోపల్నుంచి ఒక ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు, టబ్బు వాసనకి రెండడుగులు వెనక్కి వేశాడు. సాయంత్రానికల్లా పొక్లెయిన్ వచ్చి ఆ మట్టి తోడేసింది. కాలువ గుడగుడమని లాగింది. మా ఇంట్లో క్యాలెండరు మీద ఆ బురద గీత జులై నెలకి అడ్డంగా ఉండిపోయింది.

2013 అక్టోబరు వానలకి మళ్ళీ అదే కాలువ, అదే గోడ, అదే కథ. అప్పటికి కౌన్సిల్ లేదు. అర్జీ పెట్టుకున్నాం. సదరు సంస్థకి లేఖ వెళ్ళింది. లేఖ రాసినవాళ్ళ తప్పు అనను, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుతో మాట్లాడే పద్ధతి అదే. లేఖకి జవాబు లేఖ వస్తుంది. ఈలోగా ఎండ కాసి నీళ్ళు వాటంతటవే ఇంకిపోయాయి.

చట్టం ప్రకారం కార్పొరేటర్‌కి ఆ గేటు మీద ఏ అధికారమూ లేదండీ, ఆ మాటకొస్తే కమిషనర్‌కీ పెద్దగా లేదు. కానీ కమిషనర్ గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చోలేడు. రెండేళ్ళకో, అంతకన్నా ముందో ఆయనకి బదిలీ. కార్పొరేటర్‌ని ఎక్కడికి బదిలీ చేస్తారు? ఆ వీధిలోనే పాలు పోయించుకోవాలి, ఆ వీధిలోనే మళ్ళీ ఓటడగాలి.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరానికి మేయరు లేడు, కార్పొరేటర్లు లేరు. ముఖ్యమంత్రే వచ్చి ఇక్కడ మకాం వేశాడు, రంపాలతో జనం వేరే జిల్లాల నుంచి దిగారు, ఒప్పుకుంటాను, మా ఊరు తొందరగానే లేచి నిలబడింది. కానీ ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలామె ఉందో, ఏ సందులో స్తంభం ఇంటి మీద ఒరిగిందో సచివాలయానికి ఏం తెలుస్తుంది? మా వీధిలో కరెంటు వాళ్ళని వెంటేసుకుని ఇల్లిల్లూ చూపించింది ఆ మాజీ కార్పొరేటరే. పదవి లేకపోయినా చేసిందిగా అంటారేమో. చేసింది, ఎందుకంటే మళ్ళీ నిలబడదామని ఆవిడ ఆశ! 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాసు లీకైనప్పుడూ అంతే, ఆ చుట్టుపక్కల వార్డులకి ఎన్నికైన మనిషి ఒక్కరు లేరు.

2019లో వార్డు సచివాలయాలు, వాలంటీర్లు వచ్చారు. పింఛను ఇంటికి తెచ్చిచ్చారు, బంగారంలాంటి పిల్లలు. కానీ వాళ్ళు పైనుంచి కిందికి చెప్పేవాళ్ళు. కింద నుంచి పైకి అరిచేవాళ్ళు కాదు.

అసలు ఎన్నికలు ఎందుకు పెట్టలేదంటే, భీమిలి, అనకాపల్లి మా కార్పొరేషన్‌లో కలపడం, వార్డుల విభజన, కోర్టు కేసులు. గడువు తీరేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో 243-యు అధికరణం చెప్తుంది. అది చదివే తీరిక ఎవరికుంది? భీమిలిది ఇంకా ఘోరం. 1861 నాటి మున్సిపాలిటీ అది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. తీసుకొచ్చి మా జోనుల్లో ఒక జోను చేసి పడేశారు. అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ మాటెత్తితే మండిపడతారు, నేను వాళ్ళ వైపే.

డబ్బు సంగతి కూడా చూడండి. ఆ తొమ్మిదేళ్ళూ కౌన్సిల్ హాల్లో అరుపులూ కేకల మధ్య తేలాల్సిన బడ్జెట్టు ఒక సంతకంతో తేలిపోయింది. అరుపులెందుకు అంటారు మీలాంటివాళ్ళు. విలేకరులు రాసుకునేది ఆ అరుపులనే, మేం చదివి తెలుసుకునేదీ వాటినే. 2021లో ఇంటి పన్ను అద్దె విలువ నుంచి ఆస్తి విలువకి మార్చినప్పుడు కౌన్సిల్ ఉంది కాబట్టే గోల జరిగింది, గోల జరిగింది కాబట్టే మా నాన్నకి ఆ సంగతి తెలిసింది. పన్ను తగ్గలేదనుకోండి. నేనైతే ఏప్రిల్ నెలాఖరులోపే ఏడాది మొత్తం కట్టేసి అయిదు శాతం తగ్గించుకుంటున్నాను, మీరూ అదే చెయ్యండి.

కార్పొరేటర్లందరూ కుర్చీ వేసుకుని కూర్చునే రకం అని నేననడం లేదు. 2021 మార్చి 10న పోలింగు జరిగిన నాటికి ఊరంతా స్టీల్‌ప్లాంటు ప్రైవేటీకరణ మీద మండుతోంది, కాలువల గురించి అడిగిన నాథుడు లేడు. 98 వార్డుల్లో వైసీపీకి 58, టీడీపీకి 30 వచ్చాయి. ఇన్ని యూనియన్లున్న ఊళ్ళో సీపీఐకి ఒకటి, సీపీఎంకి ఒకటి! తర్వాత రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టి మేయర్‌నీ మార్చారు. దానికి ముందు క్యాంపులు. ఓటేసినవాళ్ళు వార్డులో, గెలిచినవాళ్ళు హోటల్లో. అంత ఖర్చు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మీరే ఊహించుకోండి. దానికి విరుగుడు పదవే తీసేయడం అంటే నాకు నవ్వొస్తుంది. శాసనసభ్యులూ క్యాంపులకెళ్ళారు, శాసనసభ మూసేద్దామా?

2021లో ఎన్నికైన కౌన్సిల్‌కి అయిదేళ్ళంటే 2026 మార్చితో సరి. మీరు విశాఖ ఓటరైతే మీ వార్డు నంబరు ముందే చూసి పెట్టుకోండి. 72 వార్డులు 98 అయినప్పుడు మా పిన్ని వాళ్ళ ఇంటి ముందు రోడ్డే సరిహద్దు అయి కూర్చుంది. పిన్నిది ఒక వార్డు, ఎదురుగా కాపురముంటున్న ఆవిడ కూతురిది ఇంకో వార్డు. ఓటరు స్లిప్పు వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే ఎండలో రెండు బడులు తిరగాలి.