ప్రేమ నవల రాస్తున్న అమ్ములుకి

అమ్ములూ,

నీ నవల మొత్తం చదివాను. ప్రింటు తీయించి పంపావు కాబట్టి సరిపోయింది, ఫోన్లో అయితే నా కళ్లకి అయ్యే పని కాదు. వారపత్రికలో ఏళ్ల తరబడి సీరియళ్లు దిద్దిన దాన్ని కదా, ఎర్ర పెన్ను దానంతటదే చేతిలోకి వచ్చేసింది. గీతలు చూసి బెంగ పెట్టుకోకు.

కథ మంచిదే పట్టావు. తెనాలి అమ్మాయి, వరంగల్ అబ్బాయి, గచ్చిబౌలిలో ఒకే ఆఫీసు. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఎవరికీ చెప్పదు. బాగుంది. కానీ ఆ సంగతి నువ్వు మాకూ చెప్పకుండా దాచి దాచి, చివరికి పెళ్లిపీటల మీద ఆ పిల్లని పడేసి అందరి చేతా అయ్యో అనిపించావు. నాకు నచ్చనిది అదే. అబ్బాయికి తెలియకపోతే పోయింది, చదివేవాళ్లకి మాత్రం మొదటి ఇరవై పేజీల్లోనే తెలియాలి. తెలిస్తే ఆమె వేసే ప్రతి అడుగూ మనకి టెన్షనే. లేదంటే అన్ని పేజీలూ ఆమె ఊరికే ముభావంగా తిరిగే పిల్లలా కనిపిస్తుంది. ఇప్పుడు అలాగే ఉంది.

ఒక జబ్బుని దాచుకుంటూ బతకడం రోజూ చేయాల్సిన చాకిరీ. అది రాయి. పొద్దున ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒకటి. షీటులోంచి ఒలిచి విటమిన్ల డబ్బాలో పోసుకుంటుంది, పేరు ఎవరి కంటా పడకుండా. హాస్టల్లో బాత్రూం గడియ పెట్టుకోదు, రూమ్మేట్ చేత చీవాట్లు తింటుంది. రైల్లో పై బెర్తు వస్తే ఎవరినో బతిమాలి కిందికి దిగుతుంది. నైట్ షిఫ్టుకి ఎప్పుడూ ఏదో ఒక సాకు. సెకండ్ షోకి వెళ్దామని అబ్బాయి అడిగిన ప్రతిసారీ నిద్రొస్తోందంటుంది. ఆ మాట నిజమే, నిద్ర చెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వాడు మాత్రం తనంటే పడదనుకుంటాడు.

స్కూటీ నేర్పిస్తానని వాడు అనే చోటు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. లైసెన్సుకి పెట్టే ఫారంలో, మూర్ఛగానీ ఉన్నట్టుండి స్పృహ తప్పడంగానీ ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఆ కాగితం ఆమె చేతికివ్వు. వాణ్ని పక్కనే కూర్చోబెట్టు. అవునని రాస్తే వాడికి తెలిసిపోతుంది, లేదని రాస్తే అబద్ధం మీద సంతకం పెట్టినట్టే. ఇప్పుడు నాకు బండెందుకులే అని లేచి వచ్చేస్తుంది. వాళ్లిద్దరి మధ్య అపార్థానికి ఆ పాత స్నేహితురాలిని, ఆ దొరికిన ఉత్తరాన్ని ఎందుకు తెచ్చావో నాకు అర్థం కాలేదు. రెండూ కొట్టేశాను.

ఫిట్స్ వచ్చే సీను సినిమాలు చూసి రాసినట్టుంది. ప్రతిసారీ కింద పడి కొట్టుకోవాలనేం లేదు. కొందరు కాసేపు చూపు నిలిపేసి, పెదాలు చప్పరిస్తూ, చున్నీ అంచు నలుపుతూ ఉండిపోతారు, పిలిస్తే పలకరు. క్యాంటీన్‌లో అలా ఒకసారి జరగనీ. పెద్దది మాత్రం ఒక్కసారే, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ ప్లాట్‌ఫాం మీద. ఎవరో తాళాలు తాళాలు అని అరుస్తారు, మనవాడు కూడా తన బైకు తాళం ఆమె పిడికిట్లో కుక్కుతాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. వాడికి ఇవేవీ తెలియకపోవడమే సహజం, హీరో కదా అని డాక్టర్ని చేసెయ్యకు. తెలివొచ్చాక ఆమెకి నాలుక పక్కన కొరుక్కున్న చోట మంట, ఒళ్లు నొప్పులు, ముంచుకొచ్చే నిద్ర. ఎక్కడున్నానో కూడా వెంటనే అందదు. అలాంటి మనిషి చేత నాలుగు లైన్ల డైలాగు చెప్పించావు! ఆమె ముందు చున్నీ సర్దుకుంటుంది. తర్వాత, ఎవరెవరు చూశారో వెతుక్కుంటుంది.

ఇక పెళ్లి. మనవాళ్ల ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే కదా. నిద్ర లేకపోవడం, పైన ఉపవాసం, హడావిడిలో మాత్ర తప్పడం, ఫిట్స్ రావడానికి ఇంతకన్నా ఏం కావాలి? వాళ్లమ్మ, "వియ్యాలవారి ముందు ఆ డబ్బా తియ్యకు, రెండ్రోజులు మానేస్తే ఏం కాదులే" అంటుంది. అలా ఉన్నపళంగా మానేయడమే ప్రమాదం. పంతులుగారు రాత్రి 2 గంటల 40 నిమిషాలకి అనగానే ఈ పిల్ల పగటి ముహూర్తం కావాలంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోతుంది. ఆఫీసువాళ్లు రావద్దా అంటుంది. మేనత్త నవ్వుతుంది. వాళ్లమ్మ తల దించుకుని పసుపు కొమ్ములు లెక్కపెడుతుంది. ఆ రాత్రి అబ్బాయి ఫోన్ చేసి అసలు సంగతేంటని అడగాలి, ఆమె తన నోటితో తను చెప్పాలి. పీటల మీద బయటపడితే ఆమె చేసిందంటూ ఏమీ ఉండదు.

ఆ అమ్మని రాక్షసిని చేయకు. 1999 దాకా హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డంకి ఉండేది. ఆ ఏడాది సవరణతో తీసేశారు. ఆమె అంతకు ముందే కాపురానికొచ్చిన మనిషి. చెబితే సంబంధం పోతుందని భయం, దాచి చేస్తే రేపు కోర్టుకెక్కుతారని భయం.

ఆఖరి అధ్యాయం తిరగరాయాల్సిందే. పెళ్లయిన ఏడాదికి ప్రేమవల్ల జబ్బు నయమై మాత్రలు కృష్ణలో పారేసిందా! వద్దు తల్లీ. అది చదివి ఏ పిల్లైనా మాత్రలు మానేస్తే? సరైన వైద్యం అందితే 70 శాతం మంది దాకా మూర్ఛ రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆమెని అందులో ఒకదాన్ని చెయ్యి, మాత్రలతో సహా. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు కడుపులో బిడ్డకి మంచివి కావు, డాక్టరు మందు మారుస్తారు. నీ ముగింపు ఆ ఓపీ క్యూలో పెట్టుకో. టోకెన్ పట్టుకుని పక్కన కూర్చున్న వాడికి లోపల ఏం అడగాలో తెలీదు, సెల్‌లో రాసుకుంటూ ఉంటాడు.

అబ్బాయి లోన్ యాప్ గొడవ మొత్తం తీసెయ్. ఈ నవలకి ఒక రహస్యం చాలు, అప్పుల మీద ఇంకోటి రాద్దువు. అచ్చుకిచ్చే ముందు ఒక న్యూరాలజిస్టుకీ, ఈ జబ్బుతో బతుకుతున్న మనిషికీ చూపించు. వాళ్లు కాదన్నది తీసేయడానికి మొహమాటపడకు.

పెళ్లిచూపుల్లో వాళ్ల నాన్న ఏం మాట్లాడాలో తోచక ఉప్మా బాగుందని పదే పదే అనే సీను మాత్రం ముట్టుకోకు. దసరాకి వచ్చేటప్పుడు ముహూర్తం సీనొక్కటైనా రాసి పట్టుకురా.

మీ పెద్దమ్మ