మీ బండి, మీ సందేహం: ఘాటీ దిగితే మెత్తబడే పెడల్

ప్రశ్న: మాది 2006 నాటి చిన్న కారు. 12 అంగుళాల చక్రాలు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. కొరాపుట్ మీదుగా విజయనగరానికి నెలకు రెండు మూడుసార్లు వెళ్తుంటాం. నలుగురం ఎక్కి సామాను వేసుకుంటే సుంకి ఘాటీ సగం దిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది. సాలూరులో గంటసేపు ఆగితే మళ్లీ మామూలే. పెద్ద కారు డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్లు ఎక్కించేద్దామని షెడ్డులో అంటున్నారు. ఎక్కించమంటారా? (జయపురం, కొరాపుట్ జిల్లా)

జవాబు: ఎక్కించుకోవచ్చు గానీ, ముందు చేయాల్సిన పని అది కాదండీ. వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడే పెడల్ అంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోందన్నమాట. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, మీ కాలి బలం ప్యాడ్ల దాకా చేరదు. అదే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే లక్షణం వేరేగా ఉంటుంది: పెడల్ రాయిలా ఉంటుంది, కాలిన వాసన వస్తుంది, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లకూ పెడల్ గట్టిపడుతుంది. కాలి బలాన్ని పెంచే బూస్టరుకు ఇంజిన్ నుంచి వాక్యూమ్ అందకపోవడమే దానికి కారణం. పెట్రోలు మిగులుతుందని ఘాటీలో న్యూట్రల్ వేసే అలవాటు ఇంకా కొందరిని వదల్లేదు. అలాంటివాళ్లు పళ్లెమంత డిస్కు వేసుకున్నా లాభం లేదు.

ఘాటీ వేడి ఎంతో లెక్క చూడండి. 500 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు పుట్టే వేడంతా బ్రేకులే మోస్తే, 60 కిలోమీటర్ల వేగం నుంచి 35 సార్లు బండిని పూర్తిగా ఆపినట్టే. బండి బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరు వేస్తే ఇందులో పెద్ద వాటా ఇంజినే మోస్తుంది. పెడల్ మీద కాలు ఆన్చి ఉంచకుండా గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయండి. ఆ వదిలిన కాసేపే డిస్కు చల్లారేది.

ఇక ఆయిల్ సంగతి. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకం చెప్పే గుర్తు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవి 230, 155. కొరాపుట్ వానలు రెండు చూసిన ఆయిల్‌ను నమ్మి ఘాటీ దిగకూడదు. పాత ఆయిల్ మొత్తం తీసేసి డాట్ 4 పోయించండి. నాలుగు చక్రాల నుంచీ శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా తీయాలంటే లీటరు దగ్గర పెట్టుకోవాలి. సీలు తీసిన డబ్బాలో మిగిలింది దాచి మరుసటి ఏడాది వాడొద్దు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, దీంతో కలవదు. పేరు చూసి, డాట్ 4తో కలిసే 5.1 అనుకుని తెచ్చేరు. కారు రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

అదే రోజు మిగతావీ చూడాలి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు వేలితో తోస్తే కదలాలి. వాటికి రబ్బరుకు పడే సిలికాన్ బ్రేక్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పిన్నును పట్టేస్తుంది. రబ్బరు హోసులు మొదట్నుంచీ ఉన్నవే అయితే మార్చేయండి. పగుళ్లు పైకి కనపడకపోయినా లోపల ఉబ్బి ఆయిల్ వెనక్కి రానివ్వవు, అప్పుడు ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. వెనక డ్రమ్ములు విప్పి షూల సందు సరిచేయించండి. చాలా పాత కార్లలో వెనక బ్రేకులు పేరుకే ఉంటాయి, వాటి పనీ ముందువాటి నెత్తినే పడుతుంది. ప్యాడ్ అంచున రెండు ఇంగ్లిషు అక్షరాలుంటే చూడండి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. ఎఫ్‌ఎఫ్ దొరికితే తీసుకోండి. ఎఫ్‌ఈ అని ఉన్నది చల్లగా ఉన్నప్పుడు ఇచ్చినంత ధైర్యం వేడెక్కాక ఇవ్వదు.

ఇన్ని చేశాక కూడా చాలకపోతే అప్పుడు డిస్కుల మాట. పెద్ద కారు కోసం వెతికే ముందు మీ కారులోనే పై వేరియంటుకు గానీ, తర్వాతి ఏళ్ల మోడల్‌కు గానీ వెంటిలేటెడ్ డిస్కు, అంటే రెండు పలకల మధ్య గాలి ఆడే సందులున్నది, వచ్చిందేమో అడగండి. ఒంటి పలక డిస్కు మందం సుమారు 10 మి.మీ., వెంటిలేటెడ్‌ది 17 మి.మీ. పైమాటే. పాత క్యాలిపర్ నోట్లో అది పట్టదు. డిస్కు, క్యాలిపర్, దాని బ్రాకెట్, ప్యాడ్లు అన్నీ ఒకే బండివి రెండు వైపులకూ కావాలి.

ఎక్కించే ముందు కొలవాల్సినవి: నకిల్ (హబ్‌నూ క్యాలిపర్‌నూ మోసే ఇనుప దిమ్మ) మీద బ్రాకెట్ బోల్టుల మధ్య దూరం, హబ్ (డిస్కూ చక్రమూ బిగించే భాగం) మధ్య రంధ్రం, డిస్కు నడుమ టోపీలా ఉబ్బిన భాగం లోతు, చక్రం నట్ల వృత్తం. చిన్న కార్లలో నాలుగు నట్ల వృత్తం 100 మి.మీ. ఉండొచ్చు, 114.3 ఉండొచ్చు. డిస్కు సరిగ్గా క్యాలిపర్ నడిమధ్యకు రావాలి. అది తేడా వస్తే వాషర్లు పెట్టి సర్దేస్తామంటారు, ఒప్పుకోకండి. కొత్త రంధ్రాలు వేస్తామన్నా అంతే. పాత సామాను దుకాణం నుంచి తెచ్చిన డిస్కయితే దాని మీద చెక్కిన కనీస మందం చూసి మైక్రోమీటరుతో కొలిపించండి, క్యాలిపర్లకు కొత్త సీళ్లు వేయించండి.

అసలు చిక్కు చక్రం దగ్గర వస్తుంది. 12 అంగుళాల రిమ్ములో పెద్ద క్యాలిపర్ చాలాసార్లు పట్టదు. క్యాలిపర్ మీద మెత్తటి బంకమట్టి పెట్టి చక్రం బిగించి చేత్తో తిప్పండి. మట్టి 3 మి.మీ. కన్నా పలచబడితే ఆ జత వద్దు. బ్యాలెన్సింగ్ సీసం లోపలి అంచున ఉంటుందనీ మరిచిపోవద్దు. 13 అంగుళాలకు మారితే 145/80 ఆర్12 బదులు 145/70 ఆర్13 సరిపోతుంది. రెండింటి వ్యాసం 537, 533 మి.మీ. కాబట్టి స్పీడోమీటరు తేడా పట్టించుకోనక్కర్లేదు. స్టెప్నీ మాత్రం పాత 12దే మిగులుతుంది. ముందు చక్రం పంచరై ఆ స్టెప్నీ వేస్తే క్యాలిపర్‌కు తగులుతుంది. వెనక చక్రం తీసి ముందుకు వేసి, స్టెప్నీని వెనక వేసుకోవాలి. ఇది ఘాటీ మలుపులో, వానలో, రాత్రి తెలిసే కన్నా ఇంట్లోనే తెలియడం మంచిది.

"పెద్దది" అన్నదానికి వెనక లెక్క ఉంది. క్యాలిపర్ పిస్టన్ 48 మి.మీ. నుంచి 54కు పెరిగితే వైశాల్యం 27 శాతం పెరుగుతుంది. డిస్కు 215 నుంచి 240 అయితే ప్యాడ్ పట్టే చోటు మరో 14 శాతం దూరం జరుగుతుంది. రెండూ కలిపి అదే నొక్కుడుకు ముందు బ్రేకు బలం 45 శాతం దాకా పెరుగుతుంది. వినడానికి బాగుంది. కానీ పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే పాత మాస్టర్ సిలిండర్ ఆ పిస్టన్‌కు 27 శాతం ఎక్కువ ఆయిల్ తోయాలి, పెడల్ లోతుగా దిగుతుంది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు తొందరగా లాకవుతాయి, అంటే తిరగడం ఆగి జారతాయి. ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రాలు లాకైతే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. దాన్ని సర్దడానికి వెనక బ్రేకుకు వెళ్లే ఒత్తిడిని అదుపు చేసే వాల్వు గెలకడం ఇంకా పెద్ద ప్రమాదం; వెనక చక్రాలు ముందుగా లాకైతే బండి గిరగిరా తిరుగుతుంది. అందుకే పిస్టన్ కొలత దాదాపు పాతదే ఉండి, డిస్కు మాత్రం వెంటిలేటెడ్ అయిన జతే మీకు తగింది. మీకు కావాల్సింది వేడి మోసే శక్తి, పట్టు మీకు ఇప్పుడూ ఉంది.

ఒక్క విషయం. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. 15 ఏళ్లు దాటిన బండి రెన్యువల్‌కు వెళ్లినప్పుడూ, ఇన్సూరెన్స్ క్లెయిము వేసినప్పుడూ ఇది పైకొస్తుంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవోలో అడగండి.

ప్రశ్న: ముందు క్యాలిపర్లు రెండూ మార్చాం. నాలుగుసార్లు బ్లీడింగ్ చేసి (ఆయిల్‌లోని గాలి తీసి) చూసినా పెడల్ స్పాంజిలాగే ఉంది. (గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: గాలి వదిలే మూత, అంటే బ్లీడింగ్ నిపుల్, క్యాలిపర్‌కు పైన ఉందో కింద ఉందో వంగి చూడండి. కింద ఉంటే కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించారన్నమాట. చక్కగా పడతాయి, బ్రేకూ కొంత పనిచేస్తుంది, గాలి మాత్రం పైన చిక్కుకుని చచ్చినా బయటికి రాదు. అటుదిటు మార్చండి. హోసు చివరి బోల్టు ఇంకోసారి విప్పుతున్నారు గనక రాగి వాషర్లు కొత్తవి వేయండి.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరమైన చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మీ బండి మాన్యువల్ వేరే వరుస చెబితే అదే పాటించండి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి, మళ్లీ బిగించాకే పెడల్ వదలమనాలి. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటితే మళ్లీ మొదటికే. పాత బండిలో పెడల్‌ను నేలదాకా తొక్కొద్దు. సిలిండర్‌లో ఎప్పుడూ అరగని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, సీళ్లు దాని మీదికి వెళ్తే చిరుగుతాయి. పెడల్ కింద అంగుళం మందం చెక్కముక్క పెట్టండి.

ప్రశ్న: కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేసి రెండు నెలలైంది. 70లో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంగిపోయాయంటున్నారు. (పర్లాకిమిడి)

జవాబు: వంగడం చాలా అరుదు. హబ్ మీది తుప్పు గీకకుండా డిస్కు కూర్చోబెట్టి ఉంటారు. ఆ పొర వల్ల డిస్కు ఒక పక్కకు వాలి తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌ను తాకుతూ అక్కడ పలచబడుతుంది. అందుకే రెండు నెలలు పట్టింది. విప్పి, వైరు బ్రష్షుతో హబ్ తళతళలాడేదాకా గీకించి, డయల్ గేజీ పెట్టి చూడమనండి. డిస్కు ఊగు 0.1 మి.మీ. లోపు ఉండాలి. మందం తేడా వచ్చేసి, కనీస మందం ఇంకా మిగిలుంటే లేతు మీద సన్నగా తీయిస్తే సరి. చక్రం నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంతే బిగించాలి.

తర్వాత ప్యాడ్లు కూర్చోబెట్టాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కు తగ్గిస్తూ ఎనిమిది పదిసార్లు, మధ్యలో అర నిమిషం ఆరనిస్తూ బ్రేకు వేయండి, పూర్తిగా ఆపొద్దు. వేడి డిస్కు మీద ప్యాడ్ అదిమి ఆపితే అక్కడ మచ్చ పడి మళ్లీ వణుకు మొదలవుతుంది. ఆపై అయిదారు కిలోమీటర్లు బ్రేకు వాడకుండా నడపండి.

ప్రశ్న: రంధ్రాలున్న డిస్కులు వేస్తే బ్రేకు పెరుగుతుందా? తప్తపాణి వైపు తిరుగుతుంటాం. (బ్రహ్మపురం, గంజాం జిల్లా)

జవాబు: పెరగదు. రంధ్రం పోయినంత ఇనుము పోయినట్టే, ఘాటీలో వేడి మోసేది ఆ ఇనుమే. పదేపదే వేడెక్కితే రంధ్రాల అంచున పగుళ్లు కూడా వస్తాయి. ఆ డబ్బుతో మంచి ప్యాడ్లు, డాట్ 4 కొనుక్కోండి.