మీ ప్రశ్న, మా జవాబు: లంకకు వెళ్ళిన మన సైన్యం

ప్రశ్న: బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర మా అబ్బాయికి 1971 యుద్ధం గురించి చెప్తుంటే, "మరి శ్రీలంకలో కూడా మనమే గెలిచామా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. (సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: గెలవలేదని చెప్పేయండి, దాచాల్సిందేమీ లేదు. 1971లో ఎవరితో యుద్ధమో మనవాళ్ళకి స్పష్టంగా తెలుసు. డిసెంబరు 3న మొదలైంది, 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, 1972 మార్చికల్లా మన జవాన్లు వెనక్కి వచ్చేశారు. లంక విషయంలో ఎవరి మీదకి వెళ్తున్నారో, ఎన్నాళ్ళుంటారో రెండూ తేల్చుకోకుండానే పంపారు, నా లెక్కలో అసలు తప్పు అదే. లంక ప్రభుత్వానికీ తమిళ తిరుగుబాటుదారులకీ మధ్య అంతర్యుద్ధం ఆపడానికని 1987 జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టింది మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే. ఆయుధాలు దించాల్సిన ఎల్‌టీటీఈ, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ టైగర్లు, మాత్రం సంతకమే పెట్టలేదు! 72 గంటల్లో తుపాకులన్నీ అప్పగించాలని కాగితం మీద రాసుకున్నారు, టైగర్ల నాయకుడు ప్రభాకరన్ కొన్ని ఇచ్చి మిగతావి దాచుకున్నాడు. సింహళీయులకూ ఒప్పందం నచ్చలేదు, మర్నాడే గౌరవ వందనం వరసలో నిలబడ్డ ఒక నావికుడు రాజీవ్ మీదకి తుపాకీ మడమ ఎత్తాడు.

సికింద్రాబాద్ నుంచి 54వ డివిజన్ విమానాల్లో జాఫ్నా దగ్గరి పలాలీ వైమానిక స్థావరంలో దిగినప్పుడు జాఫ్నా తమిళులు పూలదండలతో ఎదురొచ్చారు. అక్టోబరు మొదటి వారంలో, శ్రీలంక బలగాలకి పట్టుబడిన టైగర్లను కొలంబో తరలించబోతుంటే వాళ్ళు సైనైడ్ మింగారు, పన్నెండు మంది చనిపోయారు, అక్కడితో కథ మారిపోయి టైగర్లు మన సైన్యం మీదకే తిరగబడ్డారు. అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక, టైగర్ల నాయకత్వాన్ని పట్టుకుందామని జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లలో మనవాళ్ళను దించారు. వైర్‌లెస్ మాటలు ముందే విన్న టైగర్లు కాచుకుని కూర్చున్నారు. కాల్పుల ధాటికి తర్వాతి హెలికాప్టర్లు దిగలేకపోయాయి, అప్పటికే దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫంట్రీ జవాన్లు 30 మంది తెల్లారేదాకా ఒంటరిగా పోరాడి 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీ అయ్యాడు. మరో పది రోజులకి జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు పోయారు. కాపాడతారని దండలు వేసిన జనం మనసు దాంతో పూర్తిగా విరిగింది. ఈ ముక్క కూడా అబ్బాయికి చెప్పండి, కాస్త పెద్దయ్యాకైనా.

ఇక 1989లో అధ్యక్షుడైన ప్రేమదాస అయితే మన సైన్యం వెళ్ళిపోవాలని గడువు పెట్టి, మనవాళ్ళతో కొట్లాడమని టైగర్లకే ఆయుధాలిచ్చాడు. పిలవని పేరంటానికి వెళ్ళి మాట పడ్డామంటే అర్థముంది, ఇక్కడ పిలిచిన ఇంటివాళ్ళే గెంటేశారు. 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవు నుంచి చివరి దళం బయల్దేరింది. ఈ రెండేళ్ళ ఎనిమిది నెలల్లో ప్రాణాలు పోగొట్టుకున్న మన సైనికులు దాదాపు 1,200 మంది.

ప్రశ్న: టైగర్లకి ట్రైనింగ్ ఇచ్చింది కూడా మనమేనట, నిజమేనా సార్? (గాజువాక పాఠకుడు)

జవాబు: నిజమే. 1983లో లంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత ఒక్క టైగర్లకే కాదు, మిగతా తమిళ సంస్థలకీ మన గడ్డ మీదే శిబిరాలు నడిచాయి.

ప్రశ్న: రాజీవ్ గాంధీ చివరి రోజు సాయంత్రం వైజాగ్‌లోనే ఉన్నారని మా తాతయ్య ఎప్పుడూ చెప్తుంటారు. ఆ రోజు ఏం జరిగింది? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: తాతగారు చెప్పింది నిజమేనమ్మా. 1991 మే 21న ఎన్నికల ప్రచారం ముగించుకుని ఇక్కడి ఎయిర్‌పోర్టు నుంచే మద్రాసు బయల్దేరాలి. విమానంలో కమ్యూనికేషన్ పరికరం మొరాయించింది. ఇక ఈ రాత్రికి ఇంతే అనుకుని సర్క్యూట్ హౌస్‌కి బయల్దేరారు, దారిలో ఉండగానే రిపేరు అయిపోయిందని కబురొస్తే కారు వెనక్కి తిప్పించారు. ఆ రాత్రే శ్రీపెరంబుదూరులో మానవబాంబు. మళ్ళీ ప్రధాని అయితే మళ్ళీ సైన్యాన్ని దించుతాడన్న భయంతోనే టైగర్లు చంపారని దర్యాప్తు తేల్చింది. రిపేరు ఇంకాస్త లేటయి ఉంటేనా అని మీ తాతగారి వయసువాళ్ళు అనుకోవడంలో వింతేముంది!

ప్రశ్న: పొరుగు దేశంలో అంతర్యుద్ధం వస్తే ఇప్పుడైనా మన సైన్యాన్ని పంపాలంటారా? (మధురవాడ నుంచి)

జవాబు: నేనైతే వద్దంటాను. 1988 నవంబరులో మాల్దీవుల్లో కుట్రదారుల్ని గంటల్లో చెదరగొట్టి వచ్చాం కదా అని కొందరు వాదిస్తారు గానీ, అక్కడ వచ్చింది కిరాయి మూక, దానికీ ఊరూరా మనుషులున్న తిరుగుబాటుకీ పోలికేమిటి? 2021 నుంచి మయన్మార్ తగలబడుతోంది, మిజోరంలోకి శరణార్థులు వస్తూనే ఉన్నారు. వాళ్ళకి అన్నం, నీడ చూడటం మన పని. అక్కడి ఏ వర్గం తుపాకీ దించాలో చెప్పడానికి మన జవాన్లను పంపడం మాత్రం కాదు.

ప్రశ్న: మా మేనమామ ఐపీకేఎఫ్‌లో, అంటే లంకకు వెళ్ళిన మన శాంతి పరిరక్షక దళంలో పనిచేశారు. వచ్చే నెల కొలంబో వెళ్తున్నాం, అక్కడ మనవాళ్ళ స్మారకం ఏమైనా ఉందా? (పెందుర్తి పాఠకుడు)

జవాబు: ఉందండీ. శ్రీ జయవర్ధనపుర కోట్టేలో, పార్లమెంటుకి దగ్గర్లోనే. కట్టించింది శ్రీలంక ప్రభుత్వమే, 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ కూడా వెళ్ళి నివాళి అర్పించారు. జాఫ్నా దాకా వెళ్ళే ఆలోచన ఉంటే పలాలీలోనూ ఒకటుంది, కాకపోతే అది సైనిక ప్రాంతం, ముందుగా కనుక్కుని వెళ్ళండి.