టెక్ సందేహాలు: ఏటీవీకి ఎన్ని సీసీలు కావాలి?

ఫోన్ వేడెక్కుతోంది, వైఫై రావడం లేదు అనే ప్రశ్నలకు ఈ వారం సెలవు. ఏటీవీ, అంటే మోటార్‌సైకిల్‌లా హ్యాండిల్ పట్టుకుని ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి. దాని ఇంజిన్ గురించి ఒక పాఠకుడు వివరంగా రాసిన ప్రశ్న చూశాక, అదే కోవలో వచ్చి నా దగ్గర మూలుగుతున్న మరికొన్నిటిని కూడా బయటికి తీశాను. ఇసుక దిబ్బల మీద ఎగిరించే స్పోర్ట్ రకం సంగతి కాదిది. ముందూ వెనకా సామాను ర్యాకులుండి, పనికి వాడే యుటిలిటీ రకం గురించే.

ప్రశ్న: పొలం పనికి ఏటీవీ కొందామనుకుంటున్నాను. వెనక ర్యాకు మీద 100 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకు పెట్టాలి. ఫెన్సింగ్ స్తంభాలు వేసిన చిన్న ట్రైలర్ లాగాలి. పొలంలో కొంత భాగం ఏటవాలుగా ఉంటుంది. 300, 450, 570, 700, 1000 అని రకరకాలుగా ఉన్నాయి. అమ్మేవాళ్లు ‘కొనేదేదో పెద్దదే కొనండి, తర్వాత బాధపడరు’ అంటున్నారు. నా స్నేహితుడు 400 దాటితే దండగ అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ సీసీ గురించే మాట్లాడుతున్నారు. మీరు మాత్రం బరువు గురించి అడుగుతున్నారు. ఈ రెండూ ఒకటి కాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

యమహా కోడియాక్ 450, కోడియాక్ 700 రెండిటినీ తీసుకోండి. ఇంజిన్ల మధ్య తేడా పెద్దదే: చిన్నదానిది 421 సీసీ, పెద్దదానిది 686 సీసీ. లాగగలిగే బరువు ఎంత అని చూస్తే కంపెనీ రెండిటికీ ఒకే అంకె ఇచ్చింది, 600 కిలోలు. ఎందుకంటే ఆ అంకెను తేల్చేది ఇంజిన్ ఒక్కటే కాదు. ఫ్రేము, బ్రేకులు, కొక్కెం, అన్నిటికన్నా ముఖ్యంగా బండి సొంత బరువు. బరువును కదిలించడం తేలిక, ఆపడమే కష్టం.

ఇక మీ స్ప్రేయర్. కోడియాక్ 450 వెనక ర్యాకు 80 కిలోలు మోస్తుంది, 700ది 90 కిలోలు. 100 లీటర్ల నీళ్లే 100 కిలోలు, దానికి ట్యాంకు, పంపు, గొట్టాల బరువు అదనం. అంటే మీరు 700 కొన్నా ఆ ట్యాంకును నింపి ర్యాకు మీద పెట్టకూడదు. అంత ఎత్తులో, వెనక చక్రాల మీద పడే ఆ బరువుతో ఏటవాలు ఎక్కితే ముందు చక్రాలు లేస్తాయి. పైగా సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్లు మలుపు దగ్గర ఒక పక్కకు దొర్లుతాయి. సీసీ పెంచితే తీరే సమస్య కాదిది. 60 లీటర్ల ట్యాంకుకు దిగండి, లేదా 100 లీటర్ల ట్యాంకును చక్రాల మీదకు మార్చి వెనక లాగండి. ర్యాకు పరిమితి కాక మొత్తం బరువు పరిమితి అని ఇంకోటి ఉంటుంది. నడిపే మనిషి, ర్యాకుల మీద సామాను, ట్రైలర్ కొక్కెం మీద మోపే బరువు అన్నీ అందులోకే వస్తాయి. మాన్యువల్లో చూడండి, బండికి అంటించిన స్టిక్కరు మీద కూడా ఉంటుంది.

మరి ఇంజిన్ పెద్దదైతే ఒరిగేదేమిటి? ఒక చిన్న లెక్క వేద్దాం. బండి, మీరు కలిపి 380 కిలోలు, వెనక 300 కిలోల ట్రైలర్. ప్రతి 5 మీటర్లకు 1 మీటరు లేచే వాలు, మెత్తటి నేల. ఈ బరువును పైకి లాగడానికి సుమారు 200 కిలోల లాగుడు కావాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే దానికి పట్టే శక్తి 7, 8 హార్స్‌పవర్. బెల్టులో, గేర్లలో పోయేది కలుపుకున్నా 10. అదే వాలును 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 30 హార్స్‌పవర్ కావాలి. పని అదే, బరువూ అదే, మారింది వేగం. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి లో గేరులో మెల్లగా వెళ్లేవాడికి 450 తరగతి బండి ఆ వాలు ఎక్కేస్తుంది. నేల తడిసి ఉంటే ఇంజిన్ అలిసిపోయేలోపే టైర్లు జారతాయి. అప్పుడు మీ దగ్గర 1000 సీసీ ఉన్నా అది మట్టి చిమ్మడానికే.

కాబట్టి పెద్ద ఇంజిన్ ఇచ్చేది బలం కన్నా తీరిక అంటాను. అదే పనిని తక్కువ తిప్పుళ్లతో, తక్కువ రొదతో, ఇంకాస్త వేగంగా చేస్తుంది. రోజంతా బరువు లాగేవాళ్లకు ఆ తీరిక నిజంగానే విలువైనది. చిన్న ఇంజిన్ ఎప్పుడూ గొంతు చించుకుంటూ తిరిగితే వేడెక్కుతుంది, అరుగుతుంది, నడిపేవాడికి తలనొప్పి తెస్తుంది.

మీ పనికి నా ఓటు 450 నుంచి 570 మధ్యలో ఉన్న వాటికి. ఈ తరగతిలో ఒకే సిలిండరు ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్, లో గేరు, కావాలంటే పవర్ స్టీరింగ్, అన్నీ దొరుకుతాయి. డబ్బు కాస్త మిగిలితే సీసీ మీద కాక పవర్ స్టీరింగ్ మీద, విన్చ్ (దిగబడిన బండిని తాడు చుట్టి లాగే మోటారు) మీద పెట్టండి. సాయంత్రానికి మీ భుజాలకు తెలుస్తుంది తేడా. 300 తరగతి బండ్లు తేలికగా, ముద్దుగా ఉంటాయి కానీ అందులో కొన్నిటికి ఫోర్ వీల్ డ్రైవే ఉండదు. కవాసాకీ బ్రూట్ ఫోర్స్ 300 అలాంటిదే. ఏటవాలు పొలానికి అది వద్దు.

700కు ఎప్పుడు వెళ్లాలి? వారంలో ఎక్కువ రోజులు ట్రైలర్ తగిలించే ఉంటుంది అనుకుంటే వెళ్లండి. ఇంటికీ పొలానికీ మధ్య దూరం ఎక్కువై, బరువుతోనే వేగంగా తిరగాల్సి వస్తే వెళ్లండి. నడిపేవాళ్లు భారీ మనుషులైనా వెళ్లొచ్చు. 850, 1000 తరగతి మాత్రం రెండు సిలిండర్ల ఇంజిన్లతో పని బండి కన్నా సరదా బండి వైపు మొగ్గుతుంది. నడిచే వేగంతో మందు కొట్టేటప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీద బొటనవేలు అర అంగుళం కదిలితే బండి ముందుకు దూకుతుంది. కాళ్ల మధ్య వేడి వేరే. ఒకసారి అరువు తెచ్చిన 1000 సీసీ బండితో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పంటకు మందు కొట్టాను. దిగాక తొడలు నిప్పుల దగ్గర కూర్చున్నట్టు ఉన్నాయి. పైగా ఈ బండ్లు 400 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. బురదలో దిగబడితే మీరొక్కరే తోసి బయటికి తీయలేరు.

అన్నట్టు, ఈ రకం వాహనాలకు మూలపురుషుడు అనదగ్గ హోండా మూడు చక్రాల బండి 1970లో వచ్చినప్పుడు దాని ఇంజిన్ 89 సీసీ, శక్తి 7 హార్స్‌పవర్.

ప్రశ్న: ఒక కంపెనీ 450 అని పేరు పెడుతుంది, లోపల 450 సీసీ ఉండదు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం అనలేం. ఆ అంకెను మోడల్ పేరు అనుకోండి, కొలత అనుకోకండి. పైన చెప్పిన కోడియాక్ 450లో ఉన్నది 421 సీసీ. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 450 హెచ్‌ఓలో 499 సీసీ. అంటే ఒకే 450 పేరున్న రెండు బండ్ల మధ్య 78 సీసీల తేడా. ఇంకా తమాషా కెన్-ఆమ్ అవుట్‌ల్యాండర్‌ది. కొత్త తరం 500, 700 రెండిటిలోనూ ఉన్నది అదే 650 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్. ఒకదాన్ని 40 హార్స్‌పవర్‌కు, రెండోదాన్ని 50కి ట్యూన్ చేశారు. పేర్లు పక్కన పెట్టి స్పెసిఫికేషన్ల కాగితంలో నాలుగు అంకెలు చూడండి: అసలు సీసీ, హార్స్‌పవర్, బండి బరువు, లాగే బరువు. కొన్ని కంపెనీలు హార్స్‌పవర్ రాయవు. అప్పుడు మిగతా మూడింటితో సరిపెట్టుకోవాలి. బరువు రాసేచోట పెట్రోలు, ఆయిలు పోసి తూచారా, పోయకుండా తూచారా అన్నది కూడా చూడండి. ఆ ఒక్క తిరకాసుతో 20 కిలోలు మాయమైపోతాయి.

ప్రశ్న: నాది 570 తరగతి బండి. ట్రైలర్ లాగేటప్పుడు రబ్బరు కాలిన వాసన వస్తోంది. ఇంజిన్ చాలడం లేదా? 700కు మారాలా?

జవాబు: ఇంజిన్ చాలుతోంది, మీ గేరే తప్పు. వాసన వచ్చేది బెల్టు నుంచి. చాలా ఏటీవీల్లో స్కూటర్లలాగే రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంది. బరువుతో మెల్లగా వెళ్తూ లీవరును హై గేరులోనే ఉంచితే పుల్లీ బెల్టును గట్టిగా పట్టుకోదు. బెల్టు జారుతుంది, కాలుతుంది. 700 కొన్నా ఇలాగే నడిపితే అదీ కాలుతుంది, కాకపోతే పెద్ద బెల్టు, ఖరీదెక్కువ. ట్రైలర్ తగిలించి పొలంలో తిరిగేటప్పుడు, వాలు ఎక్కేటప్పుడు, బ్లేడుతో మట్టో మంచో తోసేటప్పుడు లో గేరు వేయండి. బండి పూర్తిగా ఆగాకే మార్చాలి. ఇప్పటికే చాలాసార్లు వాసన వచ్చి ఉంటే కవరు విప్పించి బెల్టు చూపించండి. ఒకేచోట అద్దంలా మెరుస్తుంటే, అంచులు చీలి ఉంటే మార్చేయాలి.

వాగు దాటాక ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోతే అది వేరే జబ్బు, బెల్టు పెట్టెలోకి నీళ్లు వెళ్లాయని అర్థం. పెట్టె అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లు వదిలేయండి. తర్వాత న్యూట్రల్‌లో ఇంజిన్‌ను కాసేపు తిప్పితే ఆరుతుంది.

ఈ బెల్టు గోలే వద్దనుకుంటే హోండా రాంచర్ లాంటివి చూడొచ్చు, వాటిలో అసలు గేర్లే ఉంటాయి.

ప్రశ్న: మేముండేది బాగా ఎత్తైన కొండ ప్రాంతం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే ఎత్తు వల్ల ఇబ్బంది ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పాత కార్బురేటర్ బండ్లు పైకి వెళ్లేకొద్దీ పెట్రోలు ఎక్కువ తాగి, నల్లటి పొగ వదిలి, సరిగ్గా స్టార్ట్ అయ్యేవి కావు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రపు ముక్కను, అంటే జెట్టును, మార్చాల్సి వచ్చేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించి ఆ తంటా తప్పిస్తుంది. కానీ లేని గాలిని తేలేదు కదా! గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం శక్తి పోతుంది. 3,000 మీటర్ల ఎత్తులో 40 హార్స్‌పవర్ బండి దాదాపు 28 మాత్రమే ఇస్తుంది. ఈ కాలమ్‌లో పెద్ద ఇంజిన్ కొనమని నేను మనస్ఫూర్తిగా చెప్పేది మీకొక్కరికే. కింద 500 చాలనిపించే పనికి మీరు 700 తీసుకోండి. అయితే ఎక్కేటప్పటి సంగతితోనే ఆగకండి, దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ ఎలా ఉందో కూడా నడిపి చూడండి. యాక్సిలరేటర్ వదిలేస్తే బండి తనంతట తానే నెమ్మదించాలి. బ్రేకులు లేని ట్రైలర్ వాలులో వెనక నుంచి నెడుతుంటే మీకు అక్కరకొచ్చేది అదే.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒకే ధరకు 500 బండి, 850 బండి వస్తున్నాయి. రెండిటి మీటర్లోనూ 200 గంటలు తిరిగినట్టుంది. 850 తీసుకుంటే లాభమే కదా?

జవాబు: గంటలతో పాటు కిలోమీటర్లు కూడా చూసి భాగించండి. 200 గంటలకు 2,000 కిలోమీటర్లు ఉంటే సగటు వేగం 10. పనికి వాడిన బండి అది. 6,000 ఉంటే సగటు 30. బురదలో, గుంతల్లో అంత సగటు రావాలంటే ఎవరో సరదా తీర్చుకున్నట్టే. 600 మాత్రమే ఉంటే బండిని నిలబెట్టి గంటల తరబడి ఇంజిన్ నడిపారు, లేదా నడక వేగంతో బరువు పని చేయించారు. అలాంటిదాంట్లో బెల్టు, రేడియేటర్ ఫ్యాన్ జాగ్రత్తగా చూడాలి. కంపెనీ వేసిన వాటికన్నా పెద్ద టైర్లు వేసి ఉంటే మాత్రం ఈ భాగహారం కొంచెం తప్పుతుంది, పైగా ఆ టైర్లు గేరు బలాన్ని తినేస్తాయి. మీరు రాసిన రెండిట్లో 850కి ఎక్కువ కిలోమీటర్లు, పెద్ద టైర్లు ఉంటే 500 వైపే చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. పొలంలో వాడూ నడుపుతానంటున్నాడు. 700కు బదులు 300 తీసుకుంటే వాడికి ఫరవాలేదా?

జవాబు: ఫరవాలేదనలేను. పెద్దవాళ్ల కోసం చేసిన ఏటీవీల మీద 16 ఏళ్లలోపు వాళ్లు నడపరాదని కంపెనీలే స్టిక్కరు వేస్తాయి. 300కూ అదే స్టిక్కరు ఉంటుంది. ఈ బండిని హ్యాండిల్‌తో పాటు ఒంటి బరువుతో నడపాలి. మలుపులో లోపలికి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు ఒరగాలి. 50 కిలోల పిల్లాడు ఒరిగితే 250 కిలోల బండి లెక్కచేయదు. బోల్తా పడితే కింద ఉండేది వాడే. పిల్లల వయసును బట్టి చేసిన చిన్న మోడళ్లు ఉన్నాయి, వేగాన్ని కట్టడి చేసే ఏర్పాటు ఉన్నది చూసి, హెల్మెట్‌తో సహా కొనివ్వండి. వెనక కూర్చోబెట్టుకుని తిప్పుదాం అనుకుంటున్నారేమో, ఒంటి సీటు బండి మీద అదీ కుదరదు. ఆ సీటు పొడుగ్గా ఉన్నది రెండో మనిషి కోసం కాదు, నడిపేవాడు ముందుకూ వెనక్కూ జరగడానికి.