రోజువారీ ఖర్చులకు ఎన్ని క్రెడిట్ కార్డులు చాలు? ఏడు నుంచి మూడుకు వచ్చిన నా అనుభవం

మీరు ఉద్యోగంలో చేరి ఏడాదైంది, జీతం నెలకు నలభై వేలు, రోజుకో బ్యాంకు నుంచి ఫోన్ వస్తోంది, రోజూ వాడుకోవడానికి రెండు మూడు మంచి కార్డులు చెప్పమని అడిగారు. పేర్లు చెప్తాను. కానీ అంతకంటే ముందు మీ చేత ఒక పని చేయించాలని ఉంది. ఆ పని చేయకుండానే నేను 2016 నుంచి 2020 లోపు ఏడు కార్డులు పోగేశాను. వాటిలో ఒక కార్డు వల్ల మా ఇంటి లోన్ నాలుగు నెలలు ఆగిపోయింది.

పని చిన్నదే. మీ బ్యాంకు యాప్‌లోంచి గడిచిన మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకోండి. ఒక తెల్లకాగితం తీసుకుని, డబ్బు ఏ ఏ చోట్ల ఖర్చయిందో రాయండి. యాప్ చూపించే రంగురంగుల బొమ్మ సరిపోదు, చేత్తో రాయండి. నేను కూకట్‌పల్లిలో ఉంటాను, మేం ఐదుగురం. నేను రాసుకున్నప్పుడు తేలింది ఇది: కిరాణా, పాలు, కూరగాయలు, పండ్లు, మందులు కలిపి నెలకు పద్నాలుగు వేలు. ఆన్‌లైన్‌లో కొనేవి ఏడెనిమిది వేలు. పెట్రోలు మూడున్నర వేలు. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్ల బిల్లులు నాలుగు వేలు. అంటే అన్నిటికంటే పెద్ద ఖర్చు మా ఇంటికి అర కిలోమీటరు లోపలే జరుగుతోంది. అక్కడ ఎవరి దగ్గరా స్వైపింగ్ మెషీన్ లేదు, అందరి దగ్గరా క్యూఆర్ కోడే ఉంది.

నా దగ్గరున్న ఏడు కార్డులూ ఆ పద్నాలుగు వేలకు ఎందుకూ పనికిరాలేదు. ఒకటి సినిమా టికెట్లకు, ఒకటి విమానాశ్రయంలో లాంజ్‌కు, ఒకటి పెద్ద హోటళ్ళలో భోజనానికి. మేం విమానం ఎక్కేది రెండేళ్ళకోసారి. అత్తగారి ఊరు విజయవాడకు రైల్లోనే వెళ్తాం. కార్డు అమ్మే మనిషి చెప్పిన లాభాలన్నీ నిజమే, కానీ అవి నా జీవితానికి సంబంధించినవి కావు.

అందుకే ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది యూపీఐకి జోడించిన రూపే క్రెడిట్ కార్డు. రూపే అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటిదే, మన దేశానిది. రూపే క్రెడిట్ కార్డులను యూపీఐతో కలపడానికి రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో ఒప్పుకుంది, ఆ సెప్టెంబరులో వాడకంలోకి వచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులను ఇలా జోడించలేం. కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం, డబ్బు ఖాతాలోంచి కాకుండా కార్డులోంచి పోతుంది. దానికి వేరే పిన్ పెట్టుకోవాలి. నాది జీతం వచ్చే బ్యాంకు ఇచ్చిన కార్డు, ఏడాది ఫీజు లేదు. ఇలాంటి కార్డుల్లో చాలావాటికి తిరిగొచ్చేది ఒక శాతం దగ్గర్లో ఉంటుంది. తక్కువే. కానీ అంతకుముందు ఆ ఖర్చు మీద నాకు వచ్చింది సున్నా. పైగా నెలంతా వాడిన డబ్బు బిల్లు వచ్చేదాకా నా ఖాతాలోనే ఉంటుంది.

దీంట్లో మూడు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి, మనిషి నుంచి మనిషికి పంపడానికి ఇది పనిచేయదు. స్నేహితుడికి ఐదు వందలు పంపాలంటే ఖాతాలోంచే పంపాలి. కూరగాయల బండి అతను వ్యాపారి క్యూఆర్ కాకుండా సొంత నంబరు మీద ఉన్నది పెట్టుకుంటే అక్కడా నడవదు. మా రైతుబజారులో సగం మంది దగ్గర ఇంతే.

రెండోది నాకు బాగా తెలిసిన విషయం, ఎందుకంటే మా ఆయనది చిన్న మెడికల్ షాపు. చిన్న వ్యాపారులకు రెండు వేల రూపాయల దాకా రూపే క్రెడిట్ కార్డుతో వచ్చే యూపీఐ చెల్లింపు మీద చార్జీ ఏమీ పడదు. అది దాటితే వచ్చిన డబ్బులోంచి కొంత కోత పడుతుంది. నెల మందులకు మూడు నాలుగు వేలు ఇచ్చేవాళ్ళు క్రెడిట్ కార్డుతో ఇస్తే ఆ కోత మా ఆయన లాభంలోంచే పోతుంది. అందుకే మా వీధి కొట్టులో సరుకుల బిల్లు రెండు వేలు దాటితే నేను మామూలు ఖాతాలోంచే ఇస్తాను. నాకు వచ్చే ముప్పై రూపాయల కోసం ఆ అన్నకు నష్టం చేయాలనిపించదు. మీరూ అలాగే చేస్తే బాగుంటుందని నా కోరిక.

మూడోది, చిన్న చిన్న ఖర్చులు తెలియకుండా పేరుకుంటాయి. టీకి ఇరవై, పండ్లకు నూటయాభై, ఆటోకు ఎనభై. ఖాతాలోంచి పోతే బ్యాలెన్స్ తగ్గడం కనిపిస్తుంది, కార్డులోంచి పోతే కనిపించదు. మా చిన్నప్పుడు కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉండేది. నాన్న నెల మొదట్లో కడితే, కొట్టాయన ముందే చెప్పేవాడు, ఈ నెల ఎక్కువైంది చూసుకోండి అని. కార్డు అలా చెప్పదు. నేను ప్రతి ఆదివారం పొద్దున యాప్ తెరిచి ఇంకా బిల్లు కాని మొత్తం ఎంతో చూసి, ఫ్రిజ్ మీద ఉన్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాస్తాను. రెండు నిమిషాల పని. మూడో ఆదివారానికి పదిహేను వేలు దాటితే ఆ వారం ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఆపేస్తాం.

ఇక ఆన్‌లైన్‌కు ఒక కార్డు. నా దగ్గరున్నది అమెజాన్ పే ఐసీఐసీఐ. చేరడానికీ, ఏటా కట్టడానికీ ఫీజు లేదు. ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్ళకు అమెజాన్‌లో కొన్నవాటి మీద ఐదు శాతం, లేనివాళ్ళకు మూడు శాతం వెనక్కి వస్తుంది. పాయింట్ల లెక్కలో తికమక లేదు, ఒక పాయింటు ఒక రూపాయి, అదీ అమెజాన్ పే బ్యాలెన్స్‌లోకి తనంతట తనే వచ్చేస్తుంది. పాయింట్లను రూపాయల్లోకి మార్చుకోవాలంటే ఏదో సైట్‌కు వెళ్ళి, పైగా దానికి కొంత ఫీజు కూడా కట్టాల్సిన కార్డులు నాకు నచ్చవు. అలా నావి ఆరు వేల పాయింట్లు గడువు దాటి పోయాయి.

మీరు అమెజాన్‌లో కాకుండా స్విగ్గీ, మింత్రా, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ ఇలా అన్ని చోట్లా కొంచెం కొంచెం కొనేవారైతే మా చెల్లి వాడే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు చూడండి. ఫలానా సైట్ అని లేకుండా ఎక్కువ ఆన్‌లైన్ కొనుగోళ్ళ మీద ఐదు శాతం, బయట దుకాణాల్లో ఒక శాతం అన్న పద్ధతిలో వచ్చింది. దానికి ఏటా 999 రూపాయలు, పైన జీఎస్టీ, కలిపితే 1,179. ఏడాదిలో రెండు లక్షలు వాడితే ఆ ఫీజు మాఫీ. అంత వాడనివాళ్ళు ఇలా లెక్కేసుకోండి: మామూలు కార్డు ఒక శాతం ఇస్తుంది, ఇది ఐదు ఇస్తుంది, అంటే తేడా నాలుగు శాతం. 1,179 రూపాయలు ఆ నాలుగు శాతంలోంచి రావాలంటే ఏడాదికి సుమారు ముప్పై వేలు ఆన్‌లైన్‌లో ఖర్చు పెట్టాలి. నెలకు రెండున్నర వేలన్నమాట. అంతకంటే తక్కువైతే ఫీజు లేని కార్డే మేలు. ఏ ఫీజు కార్డుకైనా ఈ లెక్క పనికొస్తుంది. ఒక్క మాట, ఈ శాతాలూ పరిమితులూ తరచుగా మారుతుంటాయి. తీసుకునే రోజు బ్యాంకు సైట్‌లో నియమాల పేజీ చదవండి. ముఖ్యంగా వేటికి క్యాష్‌బ్యాక్ రాదో ఆ పేరా చదవండి. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకోవడం, ఇన్సూరెన్స్, కరెంటు బిల్లులు చాలా కార్డుల్లో అక్కడే ఉంటాయి.

మూడో కార్డు నేను దాదాపు వాడను. 2016లో వచ్చిన నా మొదటి కార్డు అది, వేరే బ్యాంకుది, వీసా. ఇంట్లో బీరువాలో ఉంటుంది. మా ఇంటర్నెట్ బిల్లు ఒక్కటి దాని మీద ఆటోపే పెట్టాను. క్రెడిట్ స్కోరు, అంటే మనం అప్పులు సరిగ్గా కడతామో లేదో బ్యాంకులు చూసే అంకె, దాని లెక్కలో ఖాతా ఎంత పాతదో కూడా చూస్తారు కాబట్టి దాన్ని మూయలేదు. ఒకసారి రాత్రి పూట ఆసుపత్రిలో మిగతా బ్యాంకు సర్వరు పనిచేయక, మా ఆయన ఇంటికెళ్ళి ఇదే పట్టుకొచ్చాడు. ఆ రాత్రి తర్వాత రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు ఇంట్లో ఉండాలన్నది నాకు బలంగా నాటుకుంది.

ఇప్పుడు ఆ ఇంటి లోన్ సంగతి. 2019లో ఒక మాల్‌లో టేబుల్ వేసుకుని కూర్చున్న అబ్బాయి జీవితాంతం ఫ్రీ అని చెప్పి ఒక కార్డు ఇప్పించాడు. కాగితంలో ఉన్నది మొదటి ఏడాది ఫ్రీ అని మాత్రమే. నేను చదవలేదు. ఒకసారి వాడి, బిల్లు కట్టి, డ్రాయర్‌లో పడేశాను. రెండో ఏడాది 499 రూపాయల ఫీజు, జీఎస్టీతో 589 పడింది. స్టేట్‌మెంట్లు నేను మానేసిన పాత మెయిల్‌కు వెళ్ళాయి. ప్రతి నెలా ఆలస్య రుసుము, దాని మీద జీఎస్టీ, వడ్డీ. ఐదు నెలలకు దాదాపు 3,700 అయింది. 2021లో ఫ్లాట్ కోసం లోన్‌కు వెళ్తే, 770 ఉండాల్సిన నా స్కోరు 690 అని చెప్పారు. బాకీ మొత్తం కట్టి, బాకీ లేదన్న ఉత్తరం తీసుకుని, రికార్డు సరిచేయించుకునేసరికి నాలుగు నెలలు. ఫ్లాట్ ఓనర్‌కు రోజూ సర్దిచెప్పలేక, రాత్రిళ్ళు నిద్రపట్టక చాలా టెన్షన్ పడ్డాను. 589 రూపాయల కోసం.

అందుకే వాడని కార్డును ఊరికే ఉంచకండి, మూయించండి. 2022 జూలై నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, బాకీ లేని కార్డును మూయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు కట్టాలి. ఆ ఏడాదే నాలుగు కార్డులు ఈ పద్ధతిలో మూయించాను. కస్టమర్ కేర్ వాళ్ళు ఇంకో ఆఫర్ ఇస్తామని బతిమాలుతారు, వద్దని మర్యాదగా చెప్పి, అడిగినట్టు మెయిల్ కూడా పంపండి. మెయిల్‌లో తేదీ ఉంటుంది.

బిల్లు కట్టే విషయంలో మాత్రం చాలా గట్టిగా చెప్తున్నాను. ఆటోపే పెట్టేటప్పుడు యాప్ రెండు దారులు చూపిస్తుంది, మొత్తం బాకీ, కనీస బాకీ. మొత్తం బాకీనే ఎంచుకోండి. ఇరవై వేల బిల్లు వచ్చి మీరు కనీసం వెయ్యి కట్టారనుకోండి. మిగిలిన పంతొమ్మిది వేల మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 665, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 785 రూపాయలు ఒక్క నెలకు. ఇది తక్కువలో తక్కువ. అంతా కట్టేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఐదు శాతం ఇచ్చే కార్డు మీద ఆ 785 సంపాదించాలంటే పదిహేను వేల ఏడు వందల సరుకు కొనాలి. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం కూడా ఇంతే, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. పూర్తిగా కట్టలేని నెల ఉంటుందని మీకు అనుమానం ఉంటే, ఇప్పుడు కార్డు తీసుకోకండి. ముందు రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాక తీసుకోండి. డెబిట్ కార్డూ యూపీఐ ఉన్నాయి కదా, తొందరేమీ లేదు.

కార్డు చేతికి రాగానే యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆపేయండి. ట్యాప్ చేస్తే పిన్ లేకుండానే ఐదు వేల దాకా పోతుంది, నేను అది కూడా ఆపేసుకున్నాను. స్టేట్‌మెంట్ మీరు రోజూ చూసే మెయిల్‌కే వచ్చేలా చూసుకోండి.

మీ విషయానికొస్తే, మూడూ ఒకేసారి అడగకండి. అడిగిన ప్రతిసారీ బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు తీస్తుంది, ఆ సంగతి అందులో నమోదవుతుంది. ముందు మీ జీతం వచ్చే బ్యాంకు యాప్‌లో ఫీజు లేని రూపే కార్డు ఇస్తారేమో చూడండి. ఆరు నెలలు అదొక్కటే వాడండి, వచ్చిన పరిమితిలో మూడో వంతుకు మించకుండా. ఆరు నెలల బిల్లులూ పూర్తిగా కట్టాక, మీ కాగితం మళ్ళీ తీసి ఆన్‌లైన్ ఖర్చు ఎంతుందో చూసి రెండోది ఎంచుకోండి. మీ మూడు నెలల లెక్క ఇక్కడే కింద రాస్తే, ఏది సరిపోతుందో కలిసి చూద్దాం. బ్యాంకు పేరు, ఖాతా నంబరు మాత్రం రాయకండి.