మినిట్స్‌లో నీ మాట ఉండాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేపర్ ప్రకటన నాలుగుసార్లు చదివాను. మీ చెరువుకి అవతల మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ వస్తుందట, వచ్చే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ అట. "కంపెనీ వాళ్లూ లీడర్లూ ఒకటే మామయ్యా, ముందే అన్నీ మాట్లాడేసుకున్నారు, మన కుర్రాళ్లు బాయ్‌కాట్ చేద్దామంటున్నారు" అన్నావు. ఫోన్లో సగం సగం చెప్పాను. మిగతాది రాస్తున్నాను, దగ్గర ఉంచుకో.

బాయ్‌కాట్ వద్దు. ఆ సభకి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న నియమం, అంటూ ఏమీ లేదు. 2006 సెప్టెంబరు నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లోనే ఆ సంగతి రాసి ఉంది. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. ఆ పదిమంది ఎవరో నీకు తెలుసు, కంపెనీ వ్యాన్లో దిగేవాళ్లే. కుర్చీలు విరగ్గొట్టి టెంటు పీకడం ఇంకా నష్టం. ఊళ్లో పరిస్థితి బాగాలేదు, జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదు అని అధికారులు పైకి రాస్తే, అసలు సభే అక్కర్లేదని నిర్ణయించే వీలు కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఈ రెండు విషయాలూ కుర్రాళ్లని కూర్చోబెట్టి ముందు చెప్పు.

చాలా ఏళ్ల కిందట నేను టీచరుగా పనిచేసిన ఊరికి కూడా ఒక ఫ్యాక్టరీ వచ్చింది. సభలో మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాను. భూమి తల్లి అన్నాను, పిల్లల భవిష్యత్తు అన్నాను. చప్పట్లు మోగిపోయాయి. గెలిచేశాం అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. తర్వాత మినిట్స్ కాపీ, అంటే సభలో ఎవరేం మాట్లాడారో అధికారులు రాసే కాగితం, చేతికొచ్చింది. నా పది నిమిషాలూ అందులో ఒక్క లైను. స్థానిక ఉపాధ్యాయుడు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు, అంతే. పక్క గడిలో కంపెనీ జవాబు: నిబంధనల ప్రకారం అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం. అనుమతి విషయం పరిశీలించే కమిటీ ఎక్కడో దూరంగా కూర్చుని చదివేది ఆ రెండు గడులే. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అదే సభలో మా వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "మా బోరు నూట ఇరవై అడుగులు. మీరు రోజుకి ఎన్ని నీళ్లు తోడతారు? ఎక్కడ తోడతారు?" అని రెండు ముక్కలు అడిగి కూర్చుంది. ఆవిడ మాట మినిట్స్‌లోకి ఉన్నదున్నట్టు ఎక్కింది. కంపెనీ అంకె చెప్పక తప్పలేదు. ఆ అంకె పట్టుకునే తర్వాత మేము ఎన్ని అర్జీలు పెట్టామో. తల్లీ, ఆ సభ ఓటింగ్ కాదు. ఊరంతా వద్దన్నా అనుమతి ఇవ్వొచ్చు. కానీ అక్కడ రికార్డయిన ప్రతి ప్రశ్నకీ కంపెనీ జవాబు రాయాలి, ఆ జవాబు ఫ్యాక్టరీ వల్ల ఊరికి ఏమవుతుందో చెప్పే పర్యావరణ ప్రభావ రిపోర్టు తుది ప్రతిలోకి చేరాలి. కాబట్టి ఆవేదన ఇంట్లో చెప్పుకుందాం, అక్కడ ప్రశ్న అడుగుదాం.

ప్రశ్న అడగాలంటే రిపోర్టు చదవాలి. దాన్ని తయారుచేసే కన్సల్టెంటుని పెట్టుకునేది కంపెనీయే, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. కంపెనీల పలుకుబడి అంటే అందరూ సూట్‌కేసులే ఊహించుకుంటారు గానీ, నాకు తెలిసి అది అన్నిటికంటే ముందు పనిచేసేది ఇక్కడే. మీ ఊరు ఎలాంటిదో ప్రభుత్వానికి చెప్పే కాగితం ఎవరి డబ్బుతో తయారైంది? ఆ సంగతి మనసులో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పు. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని రిపోర్టులో రష్యాలో పెరిగే చెట్ల పేర్లు కనిపించాయి. ఎక్కడిదో రిపోర్టు తెచ్చి ఇక్కడ అతికించారన్నమాట. మీ రిపోర్టులో మీ ఊరి పంటలు సరిగ్గా రాశారా, చెరువు ఉందని రాశారా, బంజరు అన్న మాట ఎక్కడైనా ఉందా చూడు. పది కిలోమీటర్ల లోపల ఉన్న ఊళ్లు, వాగులు, బడులు అన్నీ అందులో ఉండాలి. నీళ్లు, గాలి ఏ నెలల్లో కొలిచారో చూడు. వానాకాలం వదిలేసి ఒక్క సీజనే కొలుస్తారు. వరద వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీ నీళ్లు ఎటు పారతాయన్న ప్రశ్న నీదే అవుతుంది.

రిపోర్టు కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో చూడ్డానికి పెట్టాలి. సారాంశం తెలుగులో ఉంటుంది, కానీ దాంతో సరిపెట్టుకోకు. అసలు విషయాలు ఇంగ్లీషు రిపోర్టు వెనక పేజీల్లో టేబుళ్లలో ఉంటాయి. "ఇంకా రాలేదమ్మా" అంటే అక్కడే ఒక అర్జీ రాసి ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. ప్రకటనకీ సభకీ మధ్య కనీసం 30 రోజులుండాలి. రిపోర్టు ఎన్ని రోజులు దొరకలేదో చూపించడానికి ఆ నంబరు రేపు నీకు అక్కరకొస్తుంది.

ఈ 30 రోజుల్ని కూడా తగ్గించాలని చూశారు. 2020 మార్చిలో ఆ 2006 నోటిఫికేషన్ స్థానంలో కేంద్రం ఒక కొత్త ముసాయిదా తెచ్చింది, అందులో గడువు 20 రోజులు. జనం కరోనా భయంతో ఇళ్లలో ఉన్న రోజులవి. దేశమంతటి నుంచీ లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి, ఢిల్లీ హైకోర్టు దాన్ని రాజ్యాంగంలో ఉన్న భాషలన్నిటిలోకీ తర్జుమా చేయమంది, చివరికి అది ముసాయిదాగానే ఉండిపోయింది. అదే నెలలో ఇంకో ఉత్తర్వు వచ్చింది, నీకు నేరుగా సంబంధించింది. మందుల అవసరం పేరుతో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రాజెక్టుల్ని కొంతకాలం పబ్లిక్ హియరింగ్ అక్కర్లేని తరగతిలోకి మార్చేశారు. సభ నీ దాకా వచ్చిందంటే మామూలు విషయం కాదని అందుకే అంటున్నాను.

ఇక లీడర్ల సంగతి. ఎవరు ఎవరికి డబ్బిచ్చారన్నది మనకి తెలియకూడదనే ఏర్పాటు ఈ దేశంలో ఆరేళ్లు నడిచింది. అంతకుముందు కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాకానే పార్టీలకి విరాళం ఇవ్వాలన్న హద్దు ఉండేది. 2017లో ఆ హద్దు తీసేశారు, 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చారు, అంటే బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చే విరాళపు పత్రాలు. ఇచ్చినవాళ్ల పేరు ఓటరుకి తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఓటరుకి తెలుసుకునే హక్కు ఉంది, కంపెనీలు హద్దు లేకుండా ఇవ్వడం కుదరదు అంది. మార్చిలో జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైటులోకి వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ కొన్నది ఒక లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ నుంచి నడిచే మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. మీ ఊరికొచ్చే కంపెనీ పేరు కూడా ఆ జాబితాలో వెతుకు. ఉంటే ప్రింటు తీసి దగ్గర పెట్టుకో. అయితే జాగ్రత్త, బాండు కొన్నంత మాత్రాన లంచం ఇచ్చినట్టు రుజువైపోదు. సభలో ఆ మాట అంటే కేసు వాళ్లు పెడతారు, అసలు విషయం పక్కకి పోతుంది. ఎమ్మెల్యేని తిట్టొద్దు. ఈ ప్రాజెక్టు మీద మీ అభిప్రాయం రాతపూర్వకంగా చెప్పండి అని ఊరి తరఫున లెటర్ ఇవ్వండి. జవాబు వచ్చినా రాకపోయినా అది ఊరికి పనికొస్తుంది.

ఈలోపు కంపెనీ వాళ్లు గుడికి విరాళం అంటారు, స్కూలుకి బెంచీలు, మినరల్ వాటర్ ప్లాంటు అంటారు. నాకు దీని మీద చాలా కోపం ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది. చట్టప్రకారం పెట్టాల్సిన డబ్బుని దయగా చూపించి ఊరిని రెండుగా చీలుస్తారు. ఉద్యోగాల మాట వచ్చినప్పుడు మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకు. మన కుర్రాళ్లకి అది నిజమైన ఆశ. ఎన్ని పర్మనెంటు, ఎన్ని కాంట్రాక్టు, ఏ చదువుకి ఏ పని అని అడుగు, ఆ జవాబూ మినిట్స్‌లో రాయించు.

సభ రోజు నీ ప్రశ్నలు రెండు కాపీలు రాసుకెళ్లు. మైకులో మూడు నిమిషాలు దాటొద్దు. పేరు, ఊరు, సర్వే నంబరు చెప్పి, ఫలానా పేజీలో ఇలా ఉంది, మా దగ్గర ఇలా ఉంది, దీనికి జవాబు చెప్పండి అని అడుగు. కాగితం పైన కూర్చున్న కలెక్టర్ గారికో, వారి తరఫున వచ్చిన జాయింట్ కలెక్టర్ గారికో ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం తీసుకో. వాళ్లని శత్రువులుగా చూడకు. నియమం తెలిసిన మనిషి నెమ్మదిగా అడిగితే వినే అధికారుల్ని నేను చూశాను. సభంతా అధికారులు వీడియో తీయించాలి, చివర్లో ఏమేం మాట్లాడారో తెలుగులో చదివి వినిపించాలి. అప్పటికి జనం లేచి బస్సుల దగ్గరికి పోతుంటారు. నువ్వు కదలొద్దు, పదిమంది ఆడవాళ్లని కూడా కూర్చోబెట్టు. మీ ప్రశ్న ఆ చదివేదాంట్లో లేకపోతే అక్కడే లేచి చేర్చమనండి. నేను ఆరోజు ఆ పని చేయలేదు.

మా శ్రీకాకుళం వైపు సోంపేట గురించి విన్నావు కదా. బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల దగ్గరి జనం వీధిలో ఎంత గట్టిగా నిలబడ్డారో, కాగితం మీద కూడా అంత గట్టిగా నిలబడ్డారు. ఇప్పుడైతే అనుమతి వచ్చిన 30 రోజుల్లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, మనకి చెన్నై బెంచి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

రేపు ముందుగా జిల్లా పరిషత్తుకి వెళ్లి రిపోర్టు అడుగు. ఊళ్లో బోర్లు ఎన్ని, ఎంత లోతు, చెరువు కింద ఆయకట్టు ఎంత, వీధి వీధికీ తిరిగి ఒక నోటుబుక్కులో రాయించు. పదో తరగతి పిల్లలు రెండు రోజుల్లో చేసేస్తారు. నేను శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున్నే దిగుతాను. ఇద్దరం కూర్చుని టేబుళ్లు చూద్దాం. అమ్మతో చెప్పు, టిఫిన్ అక్కడే తింటాను.

మీ మామయ్య